రాత్రి ఎనిమిది దాటాక మన వీధి: కాలనీవాళ్లం కలిసి భద్రతా మ్యాప్ తయారు చేసుకోవడం ఎలా?

మా ఇల్లు విశాఖలో మధురవాడ వైపు ఒక కొండవాలు కాలనీలో ఉంది. బస్సు దిగి ఇంటికి రావాలంటే ముందు ఒక సర్వీస్ రోడ్డు, తర్వాత గెడ్డ (వాగు) మీద చిన్న కల్వర్టు, ఆ పైన నూట పది మెట్లు. పగలైతే పది నిమిషాల దారి. రాత్రి మాత్రం మా కాలనీ ఆడపిల్లలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా మాట్లాడుతున్నట్టు నటిస్తూ వచ్చేవారట. నర్సుగా పనిచేసే మా పక్కింటి అమ్మాయి చెప్పేదాకా ఆ సంగతి నాకు తెలియదు. "కల్వర్టు దాటేదాకా అలాగే మాట్లాడతాను పిన్నీ, అక్కడ లైటు లేదు కదా" అంది, అదేదో మామూలు విషయం అన్నట్టు.

అక్కడ లైటు లేదని కాలనీలో అందరికీ తెలుసు. మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు నెలకోసారైనా రాస్తూనే ఉన్నారు. కింద పది మంది దండం బొమ్మలు పెడుతున్నారు. కానీ అది ఏ స్తంభం, ఎప్పటి నుంచి వెలగడం లేదు, ఎవరికి చెప్పాం, ఏ నంబరు ఇచ్చారు అన్నది మాత్రం ఒక్కరూ రాయలేదు. ఆ నాలుగు సంగతులు రాసుకోవడం మొదలుపెట్టాక కల్వర్టు దగ్గర లైటు వెలగడానికి నెల పట్టింది. ఆ నెలలో మేం ఏం చేశామో, ఎక్కడ తప్పులు చేశామో మీకు పనికొచ్చేలా చెబుతాను. గాజువాకలో ఉన్నా, కంచరపాలెంలో ఉన్నా, వన్ టౌన్ కోటవీధి సందుల్లో ఉన్నా పద్ధతి ఇదే.

దారి నడిచి, భయం వేసే చోట్లను మ్యాప్ మీద పెట్టే ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. కెనడాలోని టొరంటోలో 1989లో మెట్రాక్ అనే మహిళల సంస్థ 'భద్రతా ఆడిట్' అని మొదలుపెట్టింది. ఆ దారిలో రోజూ నడిచే ఆడవాళ్లే గుంపుగా నడిచి, ఎక్కడ ఎందుకు భయం వేస్తోందో రాయడం, అంతే. మన దేశంలో ఢిల్లీలో జాగోరి సంస్థ ఆ పని చేసింది. 2013లో కల్పనా విశ్వనాథ్, ఆశిష్ బసు మొదలుపెట్టిన సేఫ్టీపిన్ అదే పద్ధతిని ఫోన్‌లోకి తెచ్చింది. వెలుతురు, దారి చుట్టూ ఎంత ఖాళీగా ఉంది, చుట్టుపక్కల వాళ్లకు మనం కనబడతామా, జనం, కాపలా, నడకదారి, బస్సు ఆటో సౌకర్యం, ఆ చోట ఆడవాళ్లూ పిల్లలూ తిరుగుతున్నారా, చివరికి మన మనసుకు ఎలా అనిపిస్తోంది అని తొమ్మిది అంశాలు చూస్తారు. మా అవసరానికి ఆ తొమ్మిదిని ఆరుకి కుదించుకున్నాం.

ముందు ఒక్క దారి చాలు

వార్డు మొత్తం మొదలుపెట్టకండి. జీవీఎంసీలో, అంటే మన మహా విశాఖ నగరపాలక సంస్థలో, 98 వార్డులున్నాయి, కొండవాలు వార్డయితే ఒక్కదాన్ని పూర్తిగా నడవాలన్నా వారాలు పడుతుంది. రెండో వారానికే జనం జారుకుంటారు. బస్టాపు నుంచి మీ వీధి చివరి ఇంటి దాకా, లేదా స్కూలు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా, కిలోమీటరుకు మించని ఒక్క దారి తీసుకోండి. చీకటి పడ్డాక ఎక్కువ మంది నడిచే దారి అయ్యుండాలి. కారులో వెళ్లేవాళ్లు "మాకు బాగానే ఉందే" అంటారు. వాళ్ల మాట నిజమే, కానీ వాళ్లు ఆ దారిని హెడ్‌లైట్ల వెలుతురులో చూస్తున్నారు.

కొండవాలు కాలనీల్లో ఇంకో చిక్కుంది. మన మెట్ల దారులు ఫోన్ మ్యాపుల్లో చాలావరకు ఉండవు. మ్యాప్‌లో చూస్తే మా ఇంటికి దారే లేదు, చుట్టూ తిరిగి వచ్చే తారు రోడ్డే కనబడుతుంది. అంబులెన్సు డ్రైవరూ, బీటు పోలీసూ అదే చూస్తారు. అందుకని నడకకు ముందే మీ మెట్ల దారులనూ సందులనూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేర్చండి. అది 2004 నుంచి ప్రపంచమంతా స్వచ్ఛందంగా గీస్తున్న మ్యాప్. ఎవరైనా ఖాతా తెరిచి మార్చవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అనే యాప్ వేసుకుంటే ఇంకా తేలిక. మీరు నిలబడ్డ చోటే "ఈ దారికి లైట్లు ఉన్నాయా?", "ఇక్కడ ఫుట్‌పాత్ ఉందా?" అని అడుగుతుంది, మీరు జవాబు నొక్కితే మ్యాప్‌లోకి వెళ్లిపోతుంది. మా వీధి ఇంటర్ పిల్లలు దీన్ని ఆటలా పట్టుకున్నారు. వాళ్లకు అప్పగించండి.

ఎవరిని పిలవాలి

అసోసియేషన్ ప్రెసిడెంటు, సెక్రటరీతో మొదలవుతుంది మన ఏ పనైనా. ఇక్కడ వాళ్లకన్నా ముందు పిలవాల్సిన వాళ్లున్నారు. తెల్లవారుజామునే చీపురు పట్టుకుని రోడ్డు మీదకి వచ్చే పారిశుధ్య కార్మికులు, పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి, రాత్రి పది దాకా ఉండే టిఫిన్ బండి ఆవిడ, కిల్లీ కొట్టు అతను, స్టాండులో ఉండే ఆటో డ్రైవరు, నైట్ డ్యూటీ నర్సు, కాల్ సెంటర్ అబ్బాయి. వీధిని చీకట్లో చూసేది వీళ్లే. మా మొదటి మీటింగు ఆదివారం ఉదయం పదకొండింటికి పెట్టాం. అపార్ట్‌మెంట్ల వాళ్లు తప్ప వీళ్లలో ఒక్కరూ రాలేదు. ఆ టైంలో అందరూ పనిలోనో నిద్రలోనో ఉంటారని మాకు తట్టలేదు. రెండోసారి టిఫిన్ బండి దగ్గరే, రాత్రి బండి సర్దే టైంలో నిలబడి మాట్లాడాం. అరగంటలో మాకు తెలియని చోట్లు ఏడు బయటపడ్డాయి.

నడిచే జట్టుకి ఆరుగురు చాలు, సగం మందైనా ఆడవాళ్లు ఉండాలి. కర్ర సాయంతో నడిచే పెద్దవాళ్లు ఒకరు ఉంటే మరీ మంచిది. మిగతావాళ్లు దాటుకుని వెళ్లిపోయే విరిగిన శ్లాబు వాళ్ల కంటికే కనబడుతుంది.

ఫారంలో ఏం అడగాలి

చాలామంది వెంటనే గూగుల్ ఫారం తయారు చేస్తారు. మేమూ అదే చేశాం. దాంతో వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, ఆ ఫారం ఫోన్ ఉన్న చోటుని తనంతట తాను పట్టుకోదు. "రామాలయం వెనక సందు" అని రాస్తారు, మా కాలనీలో రామాలయాలు రెండు. కోబో టూల్‌బాక్స్ వాడండి. కోబో కలెక్ట్ యాప్ ఉచితం, ఫారం తెలుగులోనే రాసుకోవచ్చు, జీపీఎస్ తీసుకుంటుంది, సిగ్నల్ లేకపోయినా దాచుకుని తర్వాత పంపుతుంది. ఒకరు ఒక సాయంత్రం కూర్చుంటే ఫారం తయారవుతుంది.

మేం అడిగే ఆరు ప్రశ్నలు ఇవి. వెలుతురు ఎంత? జనం కనబడుతున్నారా, అందులో ఆడవాళ్లు ఉన్నారా? నేను అరిస్తే వినేంత దూరంలో తెరిచిన తలుపో, కిటికీయో, కొట్టో ఉందా? నడవడానికి చోటు ఉందా, లేక బండ్ల మధ్య నడవాలా? దాక్కోవడానికి వీలైన తుప్పలు, సగం కట్టి వదిలేసిన గోడలు, చీకటి మలుపు ఉన్నాయా? కాలికి ప్రమాదం ఏదైనా ఉందా, అంటే మూత లేని డ్రైను, వేలాడే తీగ, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్?

ప్రతి ప్రశ్నకీ జవాబు సున్నా నుంచి మూడు దాకా పెట్టండి, కానీ ఆ అంకెకి అర్థం ముందే అందరూ ఒప్పుకోవాలి. వెలుతురు సంగతి మేం ఇలా తేల్చుకున్నాం. ఎదురొచ్చే మనిషి ఆకారం కూడా తెలియకపోతే సున్నా, ఆకారం తెలిసి ముఖం తెలియకపోతే ఒకటి, పది అడుగుల దూరంలో ముఖం గుర్తుపడితే రెండు, చేతిలో బస్సు టికెట్ చదవగలిగితే మూడు. ఇలా తేల్చుకోకముందు ఒకే స్తంభం కింద ఒకాయన మూడు వేశాడు, ఒకావిడ ఒకటి వేసింది. ఆ అంకెలతో ఏ ఆఫీసులోనూ మాట్లాడలేం.

చివర్లో ఒక ఖాళీ పెట్టె వదలండి, "ఇక్కడ మీకెలా అనిపించింది?" అని. దానికి అంకె వద్దు. మా ఫారంలో ఒక అమ్మాయి రాసింది: "లైటు ఉంది, కానీ ఖాళీ ప్లాటులో కూర్చుని తాగేవాళ్లు నన్ను చూడగలరు, నేను వాళ్లని చూడలేను." మేం వేసిన ఏ ప్రశ్నా ఈ సంగతిని పట్టుకోలేదు.

నడక

ఒకే దారిని రెండుసార్లు నడవాలి. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర లోపు ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి. రాత్రి కొట్ల వెలుతురు రోడ్డు మీద పడి మనల్ని మోసం చేస్తుంది. షట్టర్లు దించాక ఆ వీధి అసలు రూపం బయటపడుతుంది. వీలైతే పౌర్ణమి రోజులు వదిలేయండి. ముగ్గురు ముగ్గురుగా నడవండి. ఒకరు ఫారం నింపాలి, ఒకరు ఫొటో తీయాలి, మూడో మనిషి ఫోన్ జేబులో పెట్టుకుని చుట్టూ చూస్తూ ఉండాలి. తల వంచుకుని ఫోన్ చూస్తూ మూత లేని డ్రైనులో కాలు పెట్టిన వాళ్లు మా జట్టులోనే ఉన్నారు. మోకాలు చీరుకుపోయింది.

యాభై అడుగులకోసారి ఆగండి. జీపీఎస్ తీసుకునే ముందు అర నిమిషం కదలకుండా నిలబడండి. ఆరుబయట ఫోన్ ఐదు పది మీటర్ల తేడాలో చోటు చూపిస్తుంది. ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య, కొండ అంచున ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక్క జీపీఎస్‌నే నమ్ముకోవద్దు. కరెంటు స్తంభం మీద నంబరు రాసి ఉంటే ఫొటో తీయండి. లేకపోతే ఎదురింటి డోర్ నంబరు కాకుండా, ఎదురుగా ఉన్న కొట్టునో, గుడినో, నీళ్ల ట్యాంకునో ఆనవాలుగా రాయండి. గూగుల్ మ్యాప్స్‌లో ఆ చోటు మీద వేలు నొక్కి పట్టుకుంటే ప్లస్ కోడ్ అని కొన్ని అక్షరాలూ అంకెలూ వస్తాయి. అడ్రసు లేని సందుకి అదే అడ్రసు.

ఫొటోల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ముఖాలు రానివ్వకండి. ఇళ్ల లోపల, కిటికీల్లోంచి, బట్టలారేసిన మేడల మీద కెమెరా పడనివ్వకండి. మనం స్తంభాన్ని ఫొటో తీస్తున్నాం, మనిషిని కాదు. ఎవరైనా అడిగితే ఆగి, ఫోన్ చూపించి, ఏం చేస్తున్నామో చెప్పండి. మా జట్టుని ఒక పెద్దాయన "ఏం తమ్ముడూ, మా ఇల్లు ఎందుకు తీస్తున్నారు?" అని నిలదీశారు. విషయం చెప్పాక ఆయనే మమ్మల్ని వెనక సందులోకి తీసుకెళ్లి, గెడ్డ గోడ కూలిన చోటు చూపించారు.

ఇంకో చిన్న సంగతి. ఫొటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులో దాగి ఉన్న చోటు, టైము వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. ఫిర్యాదుకి వాడే ఫొటో డాక్యుమెంటుగా దాచండి. బయటి గ్రూపుల్లో పంచే ఫొటో మాత్రం మామూలుగానే పంపండి, ఆ వివరాలు లేకపోవడమే మేలు.

మ్యాప్ మీద మనుషుల్ని పెట్టకండి

ఈ పని చెడిపోతే ఇక్కడే చెడిపోతుంది.

నడక అయ్యాక మా గ్రూపులో ఒకాయన ఒక వలస కూలీల షెడ్డు ఫొటో పెట్టి "ఇక్కడ అనుమానాస్పద వ్యక్తులు" అని రాశారు. నేను తీసేయమన్నాను, చిన్న గొడవైంది. ఆయన్ని తప్పుపట్టడం కాదు, ఆయనకి భయం నిజంగానే ఉంది. కానీ 2018లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో తిరిగిన అబద్ధాల వల్ల దేశంలో చాలా చోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. మన తెలుగు ప్రాంతాల్లోనూ కొత్త మనుషుల మీద, బిచ్చగాళ్ల మీద దాడులు జరిగాయి. ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

కాబట్టి నియమం ఒకటే. మ్యాప్ మీద చోట్లు ఉంటాయి, మనుషులు ఉండరు. "చీకటి మలుపు" అని రాయవచ్చు. "ఫలానా ఊరివాళ్లు ఉండే షెడ్డు" అని రాయకూడదు. "రాత్రి తాగుతూ కూర్చునే ఖాళీ ప్లాటు" దాకా పర్వాలేదు. వాళ్ల పేర్లు, బండి నంబర్లు మ్యాప్‌కి వద్దు. అవి చెప్పాల్సి వస్తే నేరుగా పోలీస్ స్టేషన్‌కి చెప్పాలి. ఈ నియమం ఫారం మొదటి లైనులోనే రాయండి. గ్రూపు అడ్మిన్లు ఇద్దరు ఉండాలి, అందులో ఒకరు ఆడవాళ్లు, ఇద్దరికీ తీసేసే హక్కు ఉండాలి.

వేధింపుల ఫిర్యాదులు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఒక అమ్మాయి "ఈ బస్టాపులో నాతో ఇలా ప్రవర్తించారు" అని రాస్తే, ఆమె పేరు, ఇల్లు, డ్యూటీ టైము దేని ద్వారానూ ఎవరికీ తెలియకూడదు. అందుకే దానికి వేరే ఫారం పెట్టండి. పేరు, ఫోన్ నంబరు అడగొద్దు. కచ్చితమైన చోటు కాక జంక్షన్ పేరు, కచ్చితమైన టైము కాక "సాయంత్రం", "రాత్రి" అన్నవి చాలు. ఒకే జంక్షన్ మీద కనీసం మూడు ఫిర్యాదులు వచ్చాకే మ్యాప్‌లో చుక్క పెట్టండి. ఒక్కటే ఉంటే, రాసిందెవరో ఊరంతా ఊహిస్తుంది. ఆ ఫారం జవాబులు చూసేది ఒక్కరే ఉండాలి, కాలనీ అంతా నమ్మే మనిషి అయ్యుండాలి. మా దగ్గర రిటైరైన టీచరు గారు చూస్తున్నారు. అత్యాచారానికి గురైనవారి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం కూడా. చూసి జాలితో ఫార్వర్డ్ చేసేవాళ్లకి ఈ మాట చెప్పి ఉంచండి.

మ్యాప్ అత్యవసర సాయం కాదన్నది ఫారం పైన పెద్ద అక్షరాల్లో రాయండి. ఇప్పుడే ప్రమాదంలో ఉంటే 112. ఆడవాళ్లకి 181, పిల్లల కోసం 1098, ఆన్‌లైన్ మోసాలకి 1930. 2025 మార్చి 8న మన రాష్ట్ర ప్రభుత్వం ఆడవాళ్ల భద్రత కోసం తెచ్చిన శక్తి యాప్‌ని కాలనీలో ప్రతి అమ్మాయి ఫోన్‌లోనూ వేయించండి. వేయించడంతో ఆగకుండా ఎలా వాడాలో నేర్పించండి. పెద్దవాళ్లకి ఆ యాప్ తెరవడమే చేతకాకపోతే 112 ఒక్కటి నేర్పినా చాలు. నేరం జరిగితే 'మా పరిధి కాదు' అనే మాటకి చోటు లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్ష సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వవచ్చు, అలా ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి.

శుభ్రం చేసి, చుక్కలు పెట్టండి

మొదటి నడకలో మాకు అరవై రెండు ఎంట్రీలు వచ్చాయి. ఒకరిద్దరు కూర్చుని వడపోస్తే ముప్ఫై ఎనిమిది తేలాయి. ఒకే డ్రైను నాలుగుసార్లు, నలుగురి మాటల్లో ఉంది. రెండు చుక్కలు సముద్రంలో పడ్డాయి, జీపీఎస్ స్థిరపడకముందే నొక్కేశారు. ఇద్దరు విడివిడిగా చూసి చెప్పిన దానికే 'ఖరారు' అని రాయండి. ఒక్కరే చెప్పింది 'మళ్లీ చూడాలి' జాబితాలో ఉంచండి. ఆ తర్వాత కోబో నుంచి దించుకున్న ఎక్సెల్ ఫైలుని గూగుల్ మై మ్యాప్స్‌లోకి ఎక్కిస్తే చుక్కలు వాటంతట అవే పడతాయి. ఎరుపు అంటే చెడింది, పసుపు అంటే ఫిర్యాదు ఇచ్చాం, ఆకుపచ్చ అంటే బాగైంది. అంతకుమించి రంగులు వద్దు.

ఎవరి పని ఎవరిదో తెలుసుకోండి

మా కల్వర్టు లైటు విషయంలో మేం మూడు వారాలు పోగొట్టుకున్నది ఇక్కడే. ఒక ఆఫీసుకి వెళ్తే స్తంభం మాది కాదన్నారు. ఇంకో ఆఫీసుకి వెళ్తే లైటు మాది కాదన్నారు. ఇద్దరూ చెప్పింది నిజమే. స్తంభం కరెంటు వాళ్లది, దానికి తగిలించిన దీపం నగరపాలక సంస్థది. మేం ఇద్దరికీ ఒకే ఉత్తరం రాశాం కాబట్టి ఇద్దరూ పక్కన పెట్టేశారు.

వీధి లైటు, డ్రైను మూత, ఫుట్‌పాత్, తుప్పలు కొట్టించడం, ఇవన్నీ జీవీఎంసీకి. వేలాడే తీగ, వంగిన స్తంభం, కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్, తీగలకు తగిలే కొమ్మలు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి, ఫోన్ 1912. జాతీయ రహదారి మీద అయితే 1033. హైవే పక్క సర్వీస్ రోడ్డు లైట్లు ఎవరి కింద ఉన్నాయో మాత్రం ముందు వార్డు సచివాలయంలో అడిగి రాయించుకోండి. బీటు తిరగడం, బహిరంగంగా తాగడం, ఈవ్ టీజింగ్ పోలీసులకి. ఖాళీ ప్లాటుకి యజమాని ఉంటాడు. చాలాసార్లు ఒక్క ఫోన్ కాల్‌తో ఆయనే శుభ్రం చేయిస్తాడు, మా దగ్గర ఒకాయన బెంగళూరు నుంచే కూలీలని పెట్టించారు.

మొదట వార్డు సచివాలయానికి వెళ్లండి. 2019 అక్టోబరు 2న వచ్చిన ఈ వ్యవస్థలో ఎమెనిటీస్ సెక్రటరీ (సదుపాయాల కార్యదర్శి) మన లైట్లూ డ్రైన్లూ చూస్తారు, మహిళా పోలీస్ ఉంటారు. వీలైతే మహిళా పోలీస్‌ని మీ రెండో నడకకి పిలవండి. పిలిస్తే వస్తారు, మేం పిలిచినప్పుడు వచ్చారు. ఫిర్యాదు పట్టణ సమస్యల కోసం ఉన్న పురమిత్ర యాప్‌లో ఫొటోతో ఇవ్వండి. ఒక ఫిర్యాదులో ఒకే సమస్య పెట్టాలి. పది సమస్యలు కలిపి రాస్తే ఒకటి బాగుచేసి మొత్తం మూసేస్తారు. వచ్చిన నంబరుని ఎక్సెల్‌లో ఆ చుక్క పక్కనే రాయండి. కదలకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లండి, మ్యాప్‌ని ఒక్క పేజీ ప్రింటు తీసుకుని. మా అనుభవంలో అధికారులు పది పేజీల వినతిపత్రాన్ని పక్కన పెట్టారు, ఆ ఒక్క పేజీని చేతిలోకి తీసుకుని చూశారు. ఎర్ర చుక్కలన్నీ ఒకే కల్వర్టు చుట్టూ ఉండటం చూస్తే వేరే చెప్పక్కర్లేదు.

అప్పటికీ జవాబు లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. నగరస్థాయి ఆఫీసుకి పది రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు చేయలేదు?" అని అడగకండి, దానికి జవాబు రాదు. "ఫలానా నంబరు ఫిర్యాదు మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు, ఆ కాగితం నకలు ఇవ్వండి" అని అడగండి.

రోడ్డు ప్రమాదాలు జరిగే చోట్లకి ఇంకో దారి ఉంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం, దాదాపు 500 మీటర్ల రోడ్డు ముక్కలో మూడేళ్లలో మరణాలో తీవ్రగాయాలో ఉన్న ప్రమాదాలు ఐదు జరిగినా, లేక పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. హనుమంతవాక, కొమ్మాది, కూర్మన్నపాలెం లాంటి హైవే జంక్షన్ల దగ్గర ఉండేవాళ్లు ప్రమాదం జరిగినప్పుడల్లా తేదీ, టైము, ఎటు నుంచి ఎటు దాటుతుండగా జరిగిందో రాసిపెట్టండి. త్రుటిలో తప్పినవి కూడా రాయండి, అవి పోలీసు రికార్డులోకి రావు. గాయపడిన వాళ్లని ఆసుపత్రికి చేర్చడానికి భయపడొద్దు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ అలా సాయం చేసినవాళ్లకి రక్షణ ఇస్తుంది, మీ పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

కెమెరాలంటే చందాలు త్వరగా పోగవుతాయి, లైటుకి పోగవవు. నా అభిప్రాయం, ముందు లైటు, తర్వాత కెమెరా. చీకట్లో కెమెరాకి నీడలే కనబడతాయి. అపార్ట్‌మెంటుకి ఇప్పటికే కెమెరా ఉంటే దాన్ని కొంచెం రోడ్డు వైపు తిప్పండి, ఎదురింటి వరండా మీద పడకుండా. రికార్డింగు ఎన్ని రోజులు నిలుస్తోందో, పనిచేస్తోందో లేదో నెలకోసారి చూడండి.

కాగితం మీద కూడా ఉండాలి

విశాఖవాళ్లకి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, చెట్లు పడి వీధులు మూసుకుపోయాయి. రోజుల తరబడి పక్క వీధిలో ఎవరెలా ఉన్నారో తెలియలేదు. ఆ రోజు ఏ యాప్ పనిచేసేది కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు పన్నెండు మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవాళ్లని ఇరుగుపొరుగు తలుపులు కొట్టి లేపారు. ఎవరింట్లో మంచం దిగలేని పెద్దవాళ్లున్నారో తెలిసిన మనిషి ఆ చీకట్లో ఎంత విలువైనవారో ఆలోచించండి.

కాబట్టి అదే మ్యాప్‌ని ఏ3 కాగితం మీద ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, కిరాణా కొట్లోనూ గుళ్లోనూ సచివాలయంలోనూ తగిలించండి. దాని మీద చీకటి చోట్లతో పాటు మూత లేని డ్రైన్లు, నీళ్లు నిలిచే చోట్లు, అంబులెన్సు ఎక్కడి దాకా రాగలదో, అక్కడి నుంచి మోసుకెళ్లే మెట్ల దారి ఏదో ఉండాలి. వాన కురిసి గెడ్డ పొంగి రోడ్డు, డ్రైను ఒకటైపోయినప్పుడు మూత లేని చోటు ఎక్కడో ముందే తెలిసి ఉండటం ప్రాణాలు కాపాడుతుంది. సాయం అవసరమైన ఇళ్ల జాబితా మాత్రం గోడ మీద వద్దు. వీధికి ఇద్దరి దగ్గర కాగితం మీద ఉండాలి, అంతే. పరిశ్రమలకు దగ్గరగా, మల్కాపురం, మింది, గాజువాక వైపు ఉండేవాళ్లు గాలి ఎటు వీస్తే ఏ దారిన బయటపడాలో కూడా గీసుకోండి. వాసన వస్తే గాలికి అడ్డంగా పక్కకి వెళ్లాలి. గాలి వీచే దిక్కుకే పరిగెత్తితే గ్యాసు మనతోనే వస్తుంది.

మళ్లీ నడవండి

ఫిర్యాదు ఇచ్చిన పదిహేను రోజులకి అదే దారి, అదే టైము, వీలైతే అదే మనుషులు. బాగైనదాన్ని ఆకుపచ్చ చేయండి. చేసినవాళ్ల పేరు తెలిస్తే ఫోన్ చేసి చెప్పండి. మా లైటు బిగించిన లైన్‌మన్‌కి ఫోన్ చేస్తే, "తిట్టడానికి కాకుండా ఫోన్ చేసింది మీరే మేడమ్" అన్నాడు. తర్వాత ఇంకో రెండు లైట్ల సంగతి తనే అడిగి కనుక్కున్నాడు. 'సమస్య పరిష్కారమైంది' అని మెసేజీ వచ్చి, వెళ్లి చూస్తే అలాగే ఉన్నవి కూడా ఉంటాయి. వాటికి కొత్త ఫొటో, కొత్త తేదీ పెట్టి, పాత నంబరు ప్రస్తావిస్తూ మళ్లీ ఇవ్వండి. మూడు నెలలకోసారి మొత్తం దారి నడవండి. ఒకసారి వానాకాలం మొదట్లో, ఇంకోసారి అక్టోబరు తుపానులకి ముందు తప్పనిసరి.

మా మ్యాప్‌లో ఇప్పుడు ముప్ఫై ఎనిమిదిలో ఇరవై ఒకటి ఆకుపచ్చగా ఉన్నాయి. మెట్ల దారిలో డెబ్బయ్యో మెట్టు దగ్గర రెయిలింగు ఇంకా ఎరుపే. వచ్చే సోమవారం దాని కోసం మళ్లీ వెళ్తున్నాం, పాత నంబరు, కొత్త ఫొటో తీసుకుని.